మేసేసిన గడ్డికి పేరు పెట్టడం: అనంతపురం బీళ్లలో నా అనుభవం

జీవాలు మేసే బీడులో ఏ గడ్డి తగ్గుతోంది, ఏది నిలబడుతోంది? నా పీహెచ్‌డీ ప్రశ్న ఇదే. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఎక్కువ పడేది సెప్టెంబరులో. అందుకే మేసిన చోటుతో పోల్చడానికి, జీవాలు లోపలికి రాకుండా కంచెలు జూన్‌కు ముందే వేసి, గడ్డి బాగా పెరిగాక అక్టోబరు చివర కోసేవాణ్ణి. రిజర్వు అడవైతే అటవీ శాఖ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. అంతకంటే ముందు కాపరులతో మాట్లాడాలి: మంద ఏ దారిన పోతుంది, నీళ్లెక్కడ, రాత్రి దొడ్డి ఎక్కడ. అవి తెలియకుండా స్థలం ఎంచుకుంటే జీవాలు అక్కడ ఎంత మేస్తున్నాయన్న అంచనా తప్పుతుంది.

కంచె 5 మీటర్లకు 5 మీటర్లు, ఎత్తు మీటరున్నర. కంపతో వేస్తే నీడ పడుతుంది, మేకలు లాగేస్తాయి. ఇనుప జాలీ మేలు. గుంజల మీద వాలే పక్షులు రేగు గింజలు రాలుస్తాయి గనుక అంచు నుంచి మీటరు వదిలి లోపల కొలవాలి. ఒకే కంచెలో పది చోట్ల కోసినా గణాంకాల్లో అది ఒక్క నమూనాయే. ఇది ఆలస్యంగా గ్రహిస్తే సీజనంతా పోయినట్టే. నాలుగైదు వేర్వేరు బీళ్లలో కంచెలు తప్పనిసరి.

అసలు కష్టం పేరు పెట్టడంలో ఉంది. మేసిన గడ్డికి కంకి ఉండదు, పుస్తకాల్లో గుర్తులన్నీ కంకివే. కంచె లోపల కంకి వేసిన మొక్కను ముందు గుర్తించి, దాని ఆకు తొడుగు, కణుపు, నూగు, ఆకు వచ్చి తొడుగును కలిసేచోట ఉండే సన్నటి పొర గీసుకుని, ఆ బొమ్మతో బయటి దుబ్బును పోల్చాలి. హెటెరోపోగన్ అనే గడ్డి దుబ్బు మొదలు పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా ఉంటుంది. బోదగడ్డి ఆకు నలిపితే వాసనే చెబుతుంది. గరిక నేలమీద పాకుతుంది. తంగేడును జీవాలు ముట్టవు. అది దట్టంగా ఉందంటే అక్కడ మేపడం ఎక్కువైందేమోనని చూడాలి. కానీ అదొక్కటే రుజువు కాదు, రాతినేలలోనూ అది బాగా పెరుగుతుంది.

కోతకు అర మీటరుకు అర మీటరు చట్రం. నేలకు 2 సెంటీమీటర్ల పైన కోసి, జాతులవారీగా కాగితపు కవర్లలో వేయాలి; పాలిథిన్‌లో బూజు పడుతుంది. 65 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు ఉంచాలి. వచ్చిన గ్రాములను 40తో గుణిస్తే హెక్టారుకు కిలోలు. ఓవెన్ నుంచి తీసిన కవరును వెంటనే తూచాలి. బల్లమీద వదిలేస్తే ఎండుగడ్డి గాలిలోని తేమ లాగి బరువు పెరుగుతుంది, ముఖ్యంగా వానాకాలంలో.