జంక్షన్‌కు యాభై మీటర్ల ముందు

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం పోయే 44వ నంబర్ హైవే మీద బైకు నడిపేవాళ్లకు లారీలంటే భయం. నిజానికి అంతకంటే ఎక్కువ భయపడాల్సినవి డివైడర్ తెగిన చోట్లు, ఊరి రోడ్డు వచ్చి కలిసే క్రాస్‌లు. లారీ, బైకు ఒకే దిక్కున పోతుంటే రెండింటి వేగంలో తేడా కొంచెమే. క్రాస్‌లో మాత్రం ఎదుటి బండి అడ్డం తిరుగుతుంది, మనం ఉన్న వేగమంతటితో దాని డోరుకు తగులుతాం.

అడ్డం తిరిగినవాడు "బండి కనపడలేదన్నా" అంటాడు. చాలాసార్లు అది అబద్ధం కాదు. ఎదురుగా చూస్తే బైకు వెడల్పు ముప్పావు మీటరు. నేరుగా తనవైపే వస్తున్న వస్తువు పక్కలకు కదలదు, దగ్గరికి వచ్చేదాకా సైజు కూడా పెరిగినట్టు అనిపించదు. అందుకే చూసినవాడు కూడా "ఇంకా దూరముంది, మెల్లగా వస్తోంది" అనుకుని తిప్పేస్తాడు. దీనికి తోడు కారు ముందద్దం పక్కనుండే పిల్లర్ ఒక్కటి చాలు, బైకునూ మనిషినీ పూర్తిగా కప్పేయడానికి. 1981లో వెలువడిన అమెరికా పరిశోధకుడు హ్యారీ హర్ట్ అధ్యయనం లాస్ ఏంజిల్స్ ప్రాంతంలో 900 బైకు ప్రమాదాలను ఘటనా స్థలంలోనే పరిశీలించింది. వేరే బండితో గుద్దుకున్న వాటిలో మూడింట రెండు వంతులకు కారణం, ఎదుటివాడు బైకుకు దారి ఇవ్వకపోవడమే. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి, ఎడమకు తిరిగే కారుతో వచ్చే ప్రమాదం మన దగ్గర కుడికి తిరిగే కారుతో వస్తుంది.

దారి మనదే కావచ్చు. కానీ ఎదుటివాడు తిప్పడం మొదలుపెట్టాక మనకు మిగిలేది మీటర్ల లెక్క మాత్రమే. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ప్రమాదం గుర్తించి చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను, అంటే 33 మీటర్లు పోయినట్టే. ఆ తర్వాత మంచి పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా మరో 40 మీటర్లు కావాలి. 60లో ఉంటే మొత్తం 48 మీటర్లు, 40లో ఉంటే 27. కాబట్టి క్రాస్ కనపడగానే యాక్సిలరేటర్ వదిలి, రెండు వేళ్లు ముందు బ్రేకు లివరు మీద పెట్టండి. వేళ్లు అక్కడే ఉంటే స్పందనలో అర సెకను మిగులుతుంది. 60లో అర సెకనంటే 8 మీటర్లు, ఒక లారీ పొడవు. లేన్‌లోనే కొంచెం పక్కకు జరిగి మళ్లీ రావడం కూడా పనికొస్తుంది, ఆ అడ్డ కదలిక ఎదుటివాడి కంటికి చిక్కుతుంది. అతని ముఖం కంటే ముందు చక్రాన్ని గమనించండి. కళ్లు మనవైపు ఉన్నా చక్రం తిరుగుతూ ఉండొచ్చు.

సాయంత్రం ఒక గుర్తు పెట్టుకోవాలి. అనంతపురం నుంచి బళ్లారి వైపు పోతుంటే ఎండ మన కళ్లలో పడుతుంది, ఆ ఇబ్బంది మనకు తెలుస్తూనే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు సూర్యుడు వీపు వెనక ఉంటాడు, మనకు అంతా చక్కగా కనపడుతుంది. ఎదుటివాడికి మాత్రం మనం ఎండలో కలిసిపోతాం. మన నీడ ముందుకు పొడవుగా పడుతోందంటే ఎదురొచ్చేవాడికి మనం కనపడటం లేదనే లెక్క.

ఊరి రోడ్డు నుంచి హైవే దాటేవాళ్ల లెక్క వేరు. ఒక వైపు రెండు లేన్లు, అంచు కలిపి ఎనిమిదిన్నర మీటర్లు, దానికి బండి పొడవు రెండు మీటర్లు. నిలబడిన బైకు కదిలి అంత దూరం దాటడానికి దాదాపు 5 సెకన్లు, వెనక మనిషి, మూట ఉంటే 6. గంటకు 100లో వచ్చే కారు 6 సెకన్లలో 167 మీటర్లు వస్తుంది. కారు దూరంగా చిన్నగా కనపడినంత మాత్రాన టైముందని కాదు. డివైడర్ వెడల్పు రెండు మీటర్ల కంటే తక్కువుంటే మధ్యలో ఆగొద్దు, బండి వెనక భాగం వచ్చిన లేన్‌లోనే ఉంటుంది. అలాంటి చోట రెండు వైపులా ఖాళీ దొరికాకే కదలాలి. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లది ఇంకా ప్రమాదం. క్రాస్‌లో కలిసే డ్రైవరు కుడివైపే చూస్తాడు, ఎడమ నుంచి బండి వస్తుందని ఊహించడు.

టౌన్‌లో, కర్నూలు రాజ్‌విహార్ అయినా కడప ఏడు రోడ్ల కూడలి అయినా, ఆగిన బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులో దూరకండి. పొడవాటి బండి ఎడమకు తిరిగితే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ సందు మూసుకుపోతుంది.

రోడ్డు సంగతి మన సీమలో ప్రత్యేకంగా చూసుకోవాలి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల లారీలు తిరిగే మలుపుల్లో రాతిపొడి, కంకర పేరుకుంటాయి. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడి పొలాల నుంచి ట్రాక్టర్లు తెచ్చిన మట్టి తొలి చినుకుకే జారుడు అవుతుంది. జీబ్రా గీతల పెయింటు కూడా తడిస్తే అంతే. వీటి మీద బండి వంచి బ్రేకు వేస్తే ముందు చక్రం జారిపోతుంది. బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకుని, ఆ తర్వాత తిరగాలి.

ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామన్న భయం చాలామందిలో ఉంది. ఆగే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. ఒక్కసారిగా గుంజితేనే అది లాక్ అవుతుంది. మొదట మెల్లగా నొక్కితే ఫోర్క్ దిగి బరువు ముందుకు వస్తుంది, ఆ తర్వాత గట్టిగా నొక్కినా టైరు పట్టుకుంటుంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి, చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. చాలావాటికి అది ముందు చక్రానికే ఉంటుంది. 125 సీసీ, అంతకు తక్కువ వాటికి ఆ 2019 రూలులో కాంబీ బ్రేకు చాలన్నారు. అందులో వెనక బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది, పూర్తిగా కాదు. ముందు బ్రేకు లివరు కూడా నొక్కాల్సిందే.

ఇండికేటర్ ఆపడం మరవొద్దు. చాలా బండ్లలో అది తనంతట ఆగదు. ఎడమ ఇండికేటర్ వెలుగుతూ నేరుగా పోతే, మీరు తిరుగుతున్నారనుకుని క్రాస్‌లో ఉన్నవాడు బయటికి వస్తాడు. అలాగే ముందు లివరు కింద ఉండే బ్రేకు లైటు స్విచ్ దుమ్ముకు తరచూ పోతుంది. సాయంత్రం గోడకు వెనక భాగం పెట్టి లివరు ఒక్కటే నొక్కి చూడండి. గోడ మీద ఎరుపు పెరగకపోతే స్విచ్ మార్పించండి, చిన్న ఖర్చే. అది లేకపోతే సిగ్నల్ దగ్గర ముందు బ్రేకుతో ఆగిన ప్రతిసారీ వెనక వచ్చే ఆటోకు మీరు ఆగుతున్నట్టే తెలియదు.