రోజూ ఒకే గ్లాసు

బొమ్మలు వేయడం కొత్తగా మొదలుపెట్టినవారికి రోజూ గీయడం కంటే, రోజూ ఏం గీయాలో తేల్చుకోవడమే ఎక్కువ కష్టమని నా అభిప్రాయం. పుస్తకం తెరిచాక చెట్టు గీయాలా, ముఖం గీయాలా అని ఆలోచిస్తూ ఫోనులో నమూనాలు వెతకడం మొదలుపెడితే, సాధనకు కేటాయించుకున్న పావుగంట అందులోనే గడిచిపోతుంది. అందుకే నేను వస్తువును ముందే ఖాయం చేసుకున్నాను: మా వంటింట్లోని మామూలు స్టీలు గ్లాసు. సాయంత్రం కాఫీ తాగాక ఆ గ్లాసునే కడిగి, బల్ల మీద పెట్టుకుని గీస్తాను. కాఫీ ఎలాగూ మానను కనుక బొమ్మ కూడా మానలేదు.

గ్లాసులో నేర్చుకోవడానికి చాలా ఉంది. మూతి గుండ్రంగా ఉంటుందని మనకు తెలుసు. కూర్చుని చూసే కంటికి మాత్రం అది దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. అడుగు బల్లకు ఆని చదునుగా ఉంటుందని కూడా తెలుసు కాబట్టి, కొత్తవారు చాలామంది అక్కడ అడ్డంగా ఒక తిన్నని గీత గీసేస్తారు. కానీ కంటి మట్టానికి ఎంత దిగువన ఉంటే వృత్తం అంతగా విప్పారి కనిపిస్తుంది కనుక, మూతి కంటే కిందనున్న అడుగు అంచులోనే వంపు స్ఫుటంగా ఉండాలి. గ్లాసును పుస్తకాల దొంతర మీదికి ఎక్కించి మూతిని సరిగ్గా కంటి మట్టానికి తెస్తే ఆ దీర్ఘవృత్తం సన్నని గీతగా మారిపోతుంది. అలమర పై అరలో పెడితే వంపు తిరగబడుతుంది. తెలిసినదాన్ని పక్కనపెట్టి కనిపించినదాన్ని గీయడం ఎంత కష్టమో, ఎంత ఆనందమో నాకు ఈ గ్లాసు వల్లే అర్థమైంది.

కొలతకు పెన్సిలే చాలు. మోచేయి వంచకుండా చేతిని ముందుకు చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలితో గ్లాసు వెడల్పును గుర్తుపెట్టుకుని, ఎత్తు దానికి ఎన్ని రెట్లుందో చూసుకోవాలి. మోచేయి వంగితే కొలత మారిపోతుంది.

సామగ్రి గురించి అతిగా ఆలోచించనక్కరలేదు. గీతలు లేని తెల్లకాగితాల పుస్తకం, ఒక 2బి పెన్సిలు సరిపోతాయి. మామూలుగా రాతకు వాడే హెచ్‌బి రకం పెన్సిలు కంటే 2బిలో బంకమట్టి తక్కువగా, గ్రాఫైటు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, చేతిని నొక్కకుండానే నలుపు వస్తుంది. రబ్బరును మాత్రం దూరంగా ఉంచమని గట్టిగా చెబుతాను. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు చింతపుల్లల బొగ్గుతో తేలికగా రూపురేఖలు గీసుకుని, ఆపైన బెల్లం, ఇనుము ఊరబెట్టి తీసిన నల్లరంగును కలంతో దిద్దుతారు. బొగ్గు గీతను దులిపేయవచ్చు గాని, గుడ్డ మీద పడిన ఆ నల్లని గీతను వెనక్కి తీసుకోలేరు. ఆ పనితనం చూసినప్పటి నుంచి, తప్పిన గీతను అలాగే ఉంచి పక్కనే సరైన గీత వేయడమే మేలని నాకు గట్టిగా అనిపిస్తోంది. రెండూ కాగితం మీద ఉంటేనే చేయి ఎటు జారుతోందో తెలుస్తుంది.

ప్రతి పేజీ మూల తేదీ వేస్తాను. అయితే బొమ్మలను ఏ రోజుకారోజు ఎవరికీ చూపించను. మెప్పు కోసం ఎదురుచూడటం మొదలైతే సులువుగా అందంగా వచ్చేవాటినే గీయాలనిపిస్తుంది.

వెలుగునీడలను మొదట ముట్టుకోకపోవడమే మంచిది. స్టీలు మీద గాఢమైన నలుపు, మిరుమిట్లుగొలిపే తెలుపు నిలువు పట్టీలుగా పక్కపక్కనే ఉంటాయి, తల కాస్త కదిలినా అవి జరుగుతాయి. ఆకారం నిలబడ్డాక వాటి జోలికి వెళ్లవచ్చు. నేను ఈ మధ్యే గ్లాసు నుంచి మరచెంబుకు మారాను. మూత, మెడ, పొట్ట, అడుగు, ఇలా వేర్వేరు వెడల్పుల దీర్ఘవృత్తాలన్నీ ఒకే నిలువు ఇరుసు మీద కూర్చోవాలి కనుక, ముందుగా పలుచగా ఆ ఇరుసును గీసుకుని, దానికి ఇరువైపులా దూరం సమానంగా ఉందో లేదో సరిచూసుకుంటున్నాను.