80 వాట్లా, 100 వాట్లా?

మా ఇంట్లో స్పీకర్లు ముందొచ్చాయి. వాటిని మోగించే పెట్టె ఆర్నెల్ల తర్వాత వచ్చింది.

నేవీలో పనిచేసే ఒకాయన కొచ్చికి ట్రాన్స్‌ఫరై సామాన్లు అమ్మేస్తున్నాడని తెలిసి వెళ్లాను. టవర్ స్పీకర్లు రెండు, సెంటర్ ఒకటి, వెనక పెట్టుకునే చిన్నవి రెండు, బేస్ మోగించడానికి ఒక సబ్‌వూఫర్. అన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాటుకి తెచ్చేశాను. వాటిని మోగించే పెట్టె, అంటే రిసీవర్ మాత్రం ఆయన వదల్లేదు. దాంతో ఆర్నెల్లపాటు ఆ టవర్ల మీద మా ఆవిడ మనీప్లాంట్ పెంచింది.

ఆ ఆర్నెల్లూ నేను చేసిన పనల్లా స్పెసిఫికేషన్లు చదవడం. బడ్జెట్ 70 వేలు అనుకున్నాను. వడపోయగా రెండు మిగిలాయి: డెనాన్ ఏవీఆర్-ఎక్స్1700హెచ్, యమహా ఆర్‌ఎక్స్-వీ6ఏ. రెండూ 7.2 చానెళ్లవే, అంటే ఏడు స్పీకర్లకి, రెండు సబ్‌వూఫర్లకి దారులున్నవి. రెండూ శబ్దం తల పైనుంచి కూడా వచ్చినట్టు వినిపించే డాల్బీ అట్మాస్ చదువుతాయి. తేడా అల్లా డెనాన్ చానెల్‌కి 80 వాట్లు అంటుంది, యమహా 100 అంటుంది. నా బుర్ర అక్కడే ఆగిపోయింది. ఎక్కువిచ్చేది పక్కనే ఉండగా తక్కువది ఎవడు కొంటాడు?

గాజువాక నుంచి మావయ్య గారు వచ్చినప్పుడు వ్యవహారం ఇంకా ముదిరింది. ఆయన స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో రిటైరయ్యారు. సౌండ్ అంటే ఆయన దృష్టిలో జగదాంబ హాలే, మిగతావన్నీ ట్రాన్సిస్టర్లు. నా కాగితాలు చూసి, "ఏటయ్యా అల్లుడూ, డాబాగార్డెన్స్‌లో పది వేలకి వెయ్యి వాట్ల హోం థియేటర్ అని అట్ట మీద రాసి అమ్ముతున్నారు. నువ్వు అరవై వేలు పోసి ఎనభై వాట్లు కొంటావా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. తొంభైల్లో టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ అని వేల వాట్ల స్టిక్కర్లు ఉండేవని, అదంతా ఉత్తిదేనని మాత్రం చెప్పగలిగాను. మావయ్య గారు కళ్లజోడు పెట్టుకుని, ఆ 80 పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది చదవడం మొదలెట్టారు. 8 ఓమ్స్ (స్పీకరు కరెంటుకి పెట్టే అడ్డు), 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ (చెవికి వినపడే అతి లోతు స్వరం నుంచి అతి కీచు స్వరం దాకా), 0.08 శాతం డిస్టార్షన్ (ధ్వని వికృతం కావడం), రెండు చానెళ్లు నడిపినప్పుడు. చదివి నవ్వారు. "ఇది మోటారు నేమ్ ప్లేటయ్యా. ఎంత హార్స్ పవర్ అని కాదు చూడాల్సింది. రోజంతా తిరిగే రేటింగా, పది నిమిషాలు తిరిగి ఆగే రేటింగా, అది చూడాలి."

నేను ఆర్నెల్లుగా పట్టించుకోనిది అదే. అప్పుడు ఇద్దరం కూర్చుని అన్నిటి చిన్న అక్షరాలూ చదివాం. సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్590కి 145 వాట్లు అని ఉంటుంది. అది 6 ఓమ్స్ మీద, ఒక్క 1 కిలోహెర్ట్జ్ స్వరం పెట్టి కొలిచినది. అదే పెట్టెకి పూర్తి 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, రెండు చానెళ్లూ ఒకేసారి నడిపి కొలిస్తే చానెల్‌కి 90. అబద్ధం ఎక్కడా లేదు, షరతు మారింది అంతే. ఇక డాబాగార్డెన్స్ వెయ్యి వాట్ల అట్ట మీద ఓమ్స్ లేవు, హెర్ట్జ్ లేవు, డిస్టార్షన్ లేదు. ఒక్క వెయ్యే ఉంది. దాన్ని మావయ్య గారే పక్కన పడేశారు.

డెనాన్, యమహాలు రెండూ దాదాపు ఒకే షరతు మీద అంకెలిచ్చాయి కాబట్టి అక్కడ 80కీ 100కీ పోలిక న్యాయమే. మరి ఆ 20 చెవికి ఎంత?

ఇది లెక్కేసిన కాగితం ఇంకా నా దగ్గరుంది. నా టవర్ల సెన్సిటివిటీ 88 డెసిబెల్స్. అంటే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 88. వాట్లు రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ పెరుగుతాయి. 2 వాట్లకి 91, 4కి 94, 8కి 97, 16కి 100, 32కి 103, 64కి 106. ఆ వరసలో 80 వాట్లకి 107, 100 వాట్లకి 108. నేను ఆర్నెల్లు నిద్ర మానుకుని కొట్టుకున్న తేడా ఒక్క డెసిబెల్, అదీ నిండా లేదు. పక్కపక్కనే వినిపిస్తే తప్ప తెలియనంత. ధ్వని రెండింతలైనట్టు మనకి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల వాట్లు. అదే 92 డెసిబెల్స్ స్పీకర్లు కొనుక్కుని ఉంటే, వాటికిచ్చే 80 వాట్లు నా స్పీకర్లకి 200 ఇచ్చినట్టు. అంటే అసలు నిర్ణయం ఆ నేవీ ఆయన ఇంట్లోనే, ట్రాలీ ఆటో ఎక్కిస్తున్నప్పుడే జరిగిపోయింది.

కాగితం మీద తెలిసినా చెవికి నమ్మకం కుదరాలిగా. ద్వారకానగర్‌లో ఒక షాపులో రెండూ డెమోకి ఉన్నాయంటే వెళ్లాను. కుర్రాడు ఒకే స్పీకర్ల మీద ఒక స్విచ్‌తో అటూ ఇటూ మార్చి చూపించాడు. ఒకటి స్పష్టంగా బాగుంది. బేస్ నిండుగా ఉంది, గొంతు ముందుకొచ్చి మాట్లాడుతోంది. "చూశారా సార్, పవర్ అంటే అదీ" అన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, సౌండ్ మీటర్ యాప్ పెట్టి కుర్చీ మీద ఉంచాను. బాగున్నది మూడు డెసిబెల్స్ పైన మోగుతోంది. రెండోదాని వాల్యూమ్ పెంచి సమానం చేయమన్నాను. చేశాక నాకు తేడా తెలియలేదు. కుర్రాణ్ణి అటు తిరగమని నేను స్విచ్ మార్చాను. ఐదుసార్లలో మూడుసార్లు తప్పు చెప్పాడు, పాపం. మనిషి చెవి అంతే, గట్టిగా ఉన్నదాన్ని మంచిదనుకుంటుంది.

ఈలోగా డల్లాస్ నుంచి అన్నయ్య ఫోన్. "ఒరేయ్, ఇక్కడ సేల్‌లో ఉంది, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చేస్తాను" అన్నాడు. ఆశపడ్డాను. తీరా చూస్తే అక్కడి పెట్టె 120 వోల్టులది, మన ప్లగ్గులో 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొని పక్కన పెట్టుకోవాలి, అది ఊరికే గుయ్‌మంటూ ఉంటుంది. ఏదైనా పాడైతే ఆ వారంటీ ఇక్కడ పనికిరాదు. వద్దన్నాను. అన్నయ్య కొంచెం నొచ్చుకున్నాడు, తర్వాత బాదంపప్పు తెచ్చాడు.

చివరికి దేన్ని బట్టి కొన్నానో చెప్తే నవ్వుతారు. టేపు పెట్టి టీవీ యూనిట్ కొలిచాను. అర లోతు 40 సెంటీమీటర్లు. యమహా లోతు దాదాపు 38, డెనాన్ 34. వెనక హెచ్‌డీఎంఐ కేబుల్ మడతపడకుండా తిరగడానికి కనీసం ఐదారు సెంటీమీటర్లు కావాలి. డెనాన్ కొన్నాను. కార్పెంటర్‌తో అర వెనక చెక్క కోయించి, ముందున్న గాజు తలుపు పీకించేశాను. మే నెలలో మన ఊరి ఉక్కకి మూసిన అరలో రిసీవర్ పెట్టడమంటే దాన్ని కుక్కర్లో పెట్టినట్టే.

తెచ్చిన రాత్రే పెద్ద టెన్షన్. వైర్లన్నీ బిగించి, ఆన్ చేసి, వాల్యూమ్ కాస్త పెంచానో లేదో, టప్‌మని ఆగిపోయింది. ముందు ఎర్ర లైటు కొట్టుకుంటోంది. మళ్లీ ఆన్ చేశాను, మళ్లీ అంతే. నాకు చెమటలు. మావయ్య గారు టార్చ్ తీసుకుని వెనక్కి వంగారు. ఎడమ టవర్ వైరులో ఒక్క రాగి పోగు, వెంట్రుకంత సన్నది, ప్లస్ టెర్మినల్ నుంచి బయటికి వచ్చి మైనస్‌కి తగులుతోంది. షార్ట్ అయితే రిసీవర్ తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది, అంతే. గోటితో ఆ పోగు తుంచారు. లైటు మామూలుగా వెలిగింది. ఇంకో సంగతి కూడా ఆయనే చూపించారు: ఆ వైరు కొస పచ్చగా మారి ఉంది. బీచ్ గాలికి ఆర్నెల్లు విప్పి పడేసిన రాగి అలాగే అవుతుంది. మర్నాడు కొసలన్నీ అంగుళం మేర కోసి, కొత్త రాగి తేల్చి, బనానా ప్లగ్గులు బిగించాం.

ఇక ఆడిస్సీ కాలిబ్రేషన్, అంటే గదిలో శబ్దాన్ని మైకుతో కొలిచి రిసీవర్ తనని తాను సర్దుకోవడం. పెట్టెతోపాటు చిన్న మైకు, మడిచి నిలబెట్టే అట్ట స్టాండు ఇస్తారు. మైకు చెవి ఎత్తులో పెట్టి, సోఫా చుట్టూ ఎనిమిది చోట్ల కొలవాలి. స్పీకర్లు ఒక్కొక్కటీ టుయ్, టుయ్ అని కూస్తాయి. పగలు ప్రయత్నిస్తే కుదరలేదు. ఒకసారి కుక్కర్ విజిల్, ఒకసారి ఉల్లిపాయల బండివాడి రికార్డింగ్, ఒకసారి కాకి. ప్రతిసారీ శబ్దం ఎక్కువగా ఉందని ఆపేసేది. రాత్రి పన్నెండుకి ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపి మొదలెట్టాను. పావుగంట తర్వాత కింద ఫ్లాట్ ఆయన వాట్సాప్‌లో "మీ ఇంట్లో పిట్ట ఏమైనా చిక్కుకుందా అండీ" అని అడిగాడు.

ఫలితంలో రెండు వింతలు. ఒకటి, టవర్లు లోతు బేస్ కూడా మోగిస్తున్నాయని కొలిచి వాటిని లార్జ్ అని పెట్టింది. నేను స్మాల్ చేసి 80 హెర్ట్జ్ దగ్గర కోశాను. దానికింది బేసంతా సబ్‌వూఫర్‌కి పోతుంది, దానికి సొంత యాంప్లిఫయర్ ఉంది కాబట్టి రిసీవర్ మీద భారం తగ్గుతుంది. నాకు పవర్ నిజంగా కలిసొచ్చింది ఇక్కడే, కొన్న అంకెలో కాదు. రెండోది, ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న సబ్‌వూఫర్‌ని పధ్నాలుగు అడుగులని చూపించింది. తప్పనుకుని ఎనిమిదికి మార్చబోయాను. తర్వాత చదివితే తెలిసింది, సబ్‌వూఫర్ లోపలి సర్క్యూట్ ధ్వనిని కాస్త ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యాన్నే అడుగుల్లో చూపిస్తుంది. వదిలేశాను.

అయినా బేస్ ఒక్క చోట గుమ్ముమంటోంది, ఇంకో చోట మాయమవుతోంది. దానికొక పద్ధతుంది. సబ్‌వూఫర్ని మనం కూర్చునే సోఫా మీద పెట్టి, పాట మోగిస్తూ, మనం గోడల వెంబడి చెవి కిందికి పెట్టి పాకుతూ పోవాలి. ఎక్కడ బేస్ శుభ్రంగా వినపడితే సబ్‌వూఫర్ అక్కడికి మార్చాలి. నేను హాలంతా మోకాళ్ల మీద తిరుగుతుంటే మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి, గుమ్మంలో ఆగి, ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్లిపోయింది. బాల్కనీ తలుపు పక్కన దొరికింది చోటు. మూలలోంచి నాలుగడుగులు ఇవతలికి.

ఆ తర్వాత చేసింది చవకైన పని. మా హాల్లో టైల్స్ నేల, ఉత్త గోడలు. చప్పట్లు కొడితే టంగ్‌మని తిరిగొచ్చేది. సోఫా ముందు మందపాటి తివాచీ, కిటికీలకి బరువైన కర్టెన్లు వేశాక ఆ టంగ్ పోయింది. డైలాగులు అర్థం కావట్లేదని సబ్‌టైటిల్స్ పెట్టుకునే మా ఆవిడ, ఆ వారం నుంచి పెట్టుకోవడం మానేసింది.

ఆదివారం మావయ్య గారు వచ్చి సోఫా మధ్యలో కూర్చున్నారు. పాత పాటల కచేరీ ఒకటి పెట్టాను. గది నిండిపోయింది. కాసేపు కళ్లు మూసుకుని విన్నారు.

"అల్లుడూ, ఇప్పుడు ఎన్ని వాట్లు పోతున్నాయి?"

"ఒకటీ అరా ఉంటాయి మావయ్యా. ఒకటి కూడా ఉండకపోవచ్చు."

"అయితే మిగతా డెబ్బై తొమ్మిదీ ఎవరికయ్యా?"

"కింద ఫ్లాట్ వాళ్లకి" అంది మా ఆవిడ వంటింట్లోంచి.