బోనం కుండ ఎందుకు కూలింది

ఆషాఢం, మంగళవారం. పొద్దున్నుంచీ ముసురు. బయట ఇసుక గుంట నీళ్లతో నిండింది, అందుకని నర్సరీ పిల్లలకు ఇవాళ పిండి ముద్దే ఆట.

రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు. నీళ్లు ముప్పావు కప్పు పడతాయి కానీ ఒకేసారి పోయకూడదు. ఈ వానల్లో ఉప్పు ముందే చెమ్మగిల్లి ఉంటుంది కాబట్టి అరకప్పు దాటాక చెంచా చెంచాగా కలపాలి. చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా ఉంటే చాలు. వేళ్లకు అంటుకుందంటే పిల్లలు ఆట వదిలేసి చేతులు దులుపుకుంటూ కూర్చుంటారు. ఉప్పు తగ్గితే ముద్ద తొందరగా పులుస్తుంది. ఎక్కువైతే గోరు పక్కన చర్మం కాస్త లేచినా చురుక్కుమంటుంది. అందుకే ముందు అందరి చేతులూ చూడాలి. ఇంత ఉప్పు కడుపులోకి పోకూడదు, నోట్లో పెట్టుకునే పిల్లల పక్కన ఆయమ్మ కదలకుండా ఉండాలి.

ముద్ద నారింజకాయంత. అంతకంటే చిన్నదైతే వేళ్ల కొసలే కదులుతాయి, అరచేతికి పని ఉండదు. అచ్చులు మొదటి పావుగంట బయటికి తీయకపోవడం మంచిది. అవి కనబడితే నొక్కడం, తీయడం, అంతే.

గోల్కొండ బోనాలు మొదలైనప్పటి నుంచీ అందరూ చేసేది బోనమే. నాలుగేళ్ల పాప కుండ చేసి, పైన పెద్ద దీపం పెట్టింది. కుండ పక్కకు ఒరిగి కూలింది. "టీచర్, నా బోనం పడిపాయె." ఇక్కడే పెద్దవాళ్ల చేయి ముందుకొస్తుంది, రాకూడదు. "ఎటు పక్కకు పడ్డది?" అని అడిగితే చాలు. పాప కుండను తిప్పి చూసింది, సన్నబడిన పక్కన వేలు పెట్టింది. దీపంలోంచి ముద్ద గిల్లి అక్కడ అతికించింది. మళ్లీ కూలింది. మూడోసారి దీపాన్నే శనగగింజంత చేసింది. నిలబడింది.

సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన నానమ్మ అడిగింది, "ఇయ్యాల ఏం రాయించిండ్రు?"

కుండ అంచు చూపించాలి అలాంటప్పుడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి గిల్లిన గుర్తులు అంచు చుట్టూ ఉన్నాయి. రేపు పెన్సిల్ పట్టేది ఆ మూడు వేళ్లే. వాటికి బలం రాకముందే పెన్సిల్ ఇస్తే పిల్లలు పిడికిలితో పడతారు, రెండు గీతలకే చేయి నొస్తుంది, రాతంటే విసుగు పుడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే పునాది దశ అని, అందులో చదువు ఆటపాటలతో సాగాలని చెప్పింది. ఇంట్లో ఏమైనా చేయించాలనుకుంటే అంగుళం పొడవు క్రేయాన్ ముక్క ఇవ్వండి. అంత చిన్నదాన్ని పిడికిలితో పట్టడం కుదరదు.

బోనాలన్నీ ఫ్యాను కింద పళ్లెంలో ఉన్నాయి. పైన ఆరి లోపల పచ్చిగా ఉంటే పగుళ్లిస్తాయి, పొద్దున రాగానే బోర్లించి పెట్టాలి.