కరెంటు పని మా అమ్మాయిని ఊరికి దగ్గర చేసింది

మా అమ్మాయి ఎలక్ట్రీషియన్ అవుతానన్నప్పుడు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేటలో మా వాళ్లందరిదీ ఒకటే మాట. "మెల్‌బోర్న్ దాకా పోయింది కరెంటు పని నేర్పించడానికా?" అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ చదువు ఎలాంటిదో తెలిస్తే ఆ మాట అనరని మాత్రం గట్టిగా నమ్ముతాను.

ఇక్కడ మెల్‌బోర్న్‌లో అది నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్, అంటే పని చేస్తూ నేర్చుకోవడం. ముందు అప్రెంటిస్‌గా తీసుకునే కాంట్రాక్టరు దొరకాలి. వారంలో ఎక్కువ రోజులు సైటు పని, మిగతా టైములో టేఫ్ అనే ప్రభుత్వ వృత్తివిద్యా కాలేజీలో క్లాసులు. మొదట్లో తక్కువే అయినా జీతం మొదటి నుంచీ వస్తుంది. లెక్కలంటారా, ఓమ్స్ లా దగ్గర మొదలై త్రీఫేజు, ట్రిగనామెట్రీ దాకా వెళ్తాయి. వైరు లాగడం అందులో చిన్న భాగమే. లాగిన వైరు ఇన్సులేషన్‌కు 500 వోల్టుల టెస్టు పెట్టాలి, ఎర్త్ సరిగా ఉందో లేదో కొలవాలి, ఫాల్టు ఎక్కడుందో ఓపికగా వెతకాలి. చివర్లో నేర్చుకున్నదంతా కలిపి పెట్టే క్యాప్‌స్టోన్ పరీక్ష. అదీ, లైసెన్సు పరీక్షలూ పాసైతే మా విక్టోరియా రాష్ట్రంలో 'ఏ గ్రేడ్' ఎలక్ట్రీషియన్ లైసెన్సు ఇస్తారు. అది లేనివాళ్లు సొంత ఇంట్లో వైరింగ్ చేసినా చట్టవిరుద్ధమే.

మన దగ్గర పది పాసైన పిల్లలకు ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు ఉంది. నెల్లూరు జిల్లాలో ఆ పనికి కొదవ లేదు. కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రంలో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. సముద్రం వైపు ఊళ్లలో ఎక్కడ చూసినా రొయ్యల గుంటలు, వాటి మీద రాత్రంతా తిరుగుతూ నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు.

సెలవులకు ఊరెళ్లినప్పుడు మా అన్నయ్య గుంటలో ఏరియేటర్ ఒకటి ఆగింది. మోటారు 'గుయ్యి'మంటోంది గానీ తిరగడం లేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పటికి ఏరియేటర్లు తిరగకపోతే రొయ్యలు తేలిపోతాయి. అన్నయ్యకు ఒకటే టెన్షన్. ఊళ్లో కరెంటు పని చేసే పెద్దాయన వచ్చి, చప్పుడు విని, "ఒక ఫేజు పోయిందబ్బాయా" అన్నాడు. స్టార్టర్ విప్పకముందే మెయిన్ ఆపి, మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అదెందుకు తాతా?" అంది మా అమ్మాయి.

"నేను పనిలో ఉన్నప్పుడు ఎవురన్నా మెయిన్ ఏస్తే?"

అక్కడ సైటులో స్విచ్చుకు తాళం వేసి, తన పేరు రాసిన ట్యాగు కడతామని తను చెప్పింది. ఆయన టెస్టర్ తీసుకుని, ముందు ఇంకా కరెంటు ఉన్న లైను వైపు పెట్టి లైటు వెలగడం చూసింది. తర్వాత స్టార్టర్ వైపు చూసింది, మళ్లీ లైను వైపు. "టెస్టరే పాడైపోయుంటే కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టేస్తాం కదా తాతా" అంటే, ఆయన తలూపి ఇంకోసారి చేసి చూపించమన్నాడు. ఫాల్టు స్టార్టర్‌లోనే ఉంది, కాంటాక్టు ఒకటి కాలి నల్లబడింది. తడి గట్టు మీద ఆయన చెప్పుల్లేకుండా నిలబడ్డాడని మాత్రం తను ఇప్పటికీ బాధపడుతుంది. నాకూ అదే బాధ. కరెంటు లీకయ్యే మోటారు దగ్గర అలా నిలబడితే ప్రాణాలు పోవచ్చు.

పిల్లలకు తెలుగు రావాలని ఇక్కడ మనం పడని పాట్లు లేవు. క్లాసులు, పండగలు, వీడియో కాల్స్ అన్నీ చేస్తాం. ఫోన్లో "తిన్నారా, బాగున్నారా" తర్వాత మాట సాగదు. ఆ రోజు మాత్రం తను పొద్దుగూకే దాకా ఆ పెద్దాయనతో తెలుగులోనే మాట్లాడింది. ఇద్దరికీ తెలిసిన పని ఉంది మరి. తను ఏ కంపెనీలోనో కూర్చుని చేసే ఉద్యోగంలో ఉంటే వాళ్లిద్దరి మధ్య ఇన్ని మాటలు వచ్చేవి కావు.

మీ పిల్లల్లో ఎవరికైనా ఈ పని మీద మనసుంటే వద్దనకండి. విక్టోరియాలో 11, 12 తరగతులు చదువుతూనే ఎలక్ట్రోటెక్నాలజీలో 'సర్టిఫికెట్ టూ' అనే తొలి మెట్టు కోర్సు చేయొచ్చు, స్కూల్లో కెరీర్ టీచర్‌ను అడగండి. వైర్లను రంగులతోనే గుర్తిస్తారు కాబట్టి ముందే కంటి పరీక్ష చేయించండి. లెక్కలు మాత్రం వదలనివ్వకండి.