రిపోర్టులో ఎల్‌డీఎల్ దగ్గర గీత

రాత్రి భోజనంతో 60 ఎంఎల్ విస్కీ. ఆరేళ్లుగా అదే నా లెక్క, ఎప్పుడూ దాటలేదు. "కొంచెం తాగితే గుండెకు మంచిదంట" అని మా బావ ఎప్పుడో అన్నమాట నాకు గట్టి ధైర్యం ఇచ్చింది.

46 ఏళ్లు నిండాక కడపలోనే లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించుకున్నాను. మొత్తం కొలెస్ట్రాల్ 248, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 52, రక్తంలో ఉండే మరో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 412. మగవాళ్లకు హెచ్‌డీఎల్ 40 పైన ఉండాలంటారు కదా, ఆ 52 చూసి సంతోషపడ్డాను. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) దగ్గర మాత్రం అంకె లేదు, ఒక గీత ఉంది.

డాక్టరు గారు ముందు ఆ గీతే చూపించారు. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరట. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేసి లెక్క కడతారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క పనికిరాదు. అవి ఉండాల్సింది 150 లోపు. "ముందు రోజు రాత్రి తాగారా?" అని అడిగారు. తాగాను. పన్నెండు గంటలు ఏమీ తినకుండా వెళ్లాను గానీ, మందు సంగతి నాకు తట్టలేదు.

అప్పుడాయన చెప్పింది నాకు బాగా నాటుకుంది. మందు లోపలికి వెళ్లగానే కాలేయం ముందు దాని పనే చూస్తుంది. కొవ్వును కరిగించే పని వెనకబడుతుంది, ఆ కొవ్వు ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి చేరుతుంది. తిండితో తాగితే మత్తు నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. 60 ఎంఎల్ విస్కీలో ఉండే సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఎక్కడికీ పోదు. పక్కన నాటుకోడి పులుసు, వేయించిన చెనక్కాయలు ఉంటే ఆ పూట రక్తంలో కొవ్వు ఇంకా పెరుగుతుంది.

"మరి నా హెచ్‌డీఎల్ బాగుంది కదా సార్?" అన్నాను. మందు దాన్ని పెంచే మాట నిజమేనట. కానీ హెచ్‌డీఎల్‌ను పెంచే మాత్రలను వేలమందికి ఇచ్చి చూసినా గుండెపోట్లు అనుకున్నట్టు తగ్గలేదు. పాత పరిశోధనల్లో జబ్బు చేసి తాగుడు మానేసినవాళ్లను కూడా తాగనివాళ్లలోనే కలిపేశారు. అందుకే తాగేవాళ్లు ఆరోగ్యంగా కనిపించారు. ఎంత తక్కువ తాగినా సురక్షితం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది కూడా.

మానేశాను. రోజూ ఎక్కువ తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగొచ్చు, వాళ్లు డాక్టరును అడిగే మానాలి. నాకు అంత ఇబ్బంది రాలేదు. మొదటి పది రోజులు మాత్రం ఎనిమిదిన్నర అయ్యేసరికి మనసు నిలిచేది కాదు. మా ఇంటావిడ భోజనం ఏడున్నరకే పెట్టేసేది. సంగటి, ఆకుకూర పప్పు తిని ఇద్దరం నడకకు వెళ్లేవాళ్లం. ఆ నడక లేకపోతే నా వల్ల అయ్యేది కాదు.

మూడు నెలలకు మళ్లీ టెస్టు. ట్రైగ్లిజరైడ్లు 168, మొత్తం 208. హెచ్‌డీఎల్ 47కి దిగింది, దానికి టెన్షన్ పడొద్దన్నారు. గీత ఉన్నచోట 127 వచ్చింది. నాకు బీపీ కూడా ఉంది కాబట్టి దాన్ని 100 లోపుకు తేవాలని మాత్ర రాశారు. సంక్రాంతి అయ్యాక మళ్లీ రక్తం ఇవ్వాలి.