పాదానికి సరిపడే స్కీ బూటు దొరికేదాకా

డెన్వర్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో స్కీయింగ్ మొదలుపెట్టినవాళ్లు ముందుగా మొత్తుకునేది బూట్ల గురించే. "మొదట్లో అలాగే ఉంటుంది, అలవాటైపోతుందిలే" అని పాతవాళ్లు సర్దిచెబుతారు. నాకు మాత్రం అలవాటు కాలేదు. అద్దె బూట్లు వేసుకుని దగ్గర్లోని స్కీ కొండ లవ్‌ల్యాండ్‌లో ఒకటి రెండు రన్నులు దిగేసరికి పాదం పైభాగం మొద్దుబారిపోయేది, అరికాలు పట్టేసేది. బకిల్స్ విప్పగానే రక్తం ఒక్కసారిగా పారి భగ్గుమని మంటెత్తేది. మా అమ్మాయి స్కీ స్కూల్లో హాయిగా తిరుగుతుంటే నేను లాడ్జిలో బూట్లు పక్కన పెట్టి కాళ్లు పిసుక్కుంటూ కూర్చునేదాన్ని.

అద్దె కౌంటర్లో అడిగేది ఒకటే ప్రశ్న: మామూలు షూ సైజెంత? ఏడున్నర అన్నాను. చార్టు చూసి 24.5 ఇచ్చారు. నొప్పి అంటే 25.5 ఇచ్చారు. దాంతో నొప్పి తగ్గకపోగా ఇంకా పెరిగింది. పెద్ద బూటు వేసుకుంటే నొప్పి పెరగడమేమిటో నాకు అంతుబట్టలేదు.

బూట్ ఫిట్టర్ అని ఒక పనివాళ్లు ఉంటారని మావారి ఆఫీసులో ఎవరో చెప్పారు. బూటు అమ్మడంతో వాళ్ల పని అయిపోదు. మన పాదాన్ని బట్టి బూటును సాగదీసి, అరగదీసి సరిచేస్తారు. మంచు మొదలయ్యాక వెళితే తీరిక ఉండదని అక్టోబర్‌లోనే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఆ ఫిట్టర్ అరవై ఏళ్లు దాటిన మనిషి. నా సైజు అడగలేదు. సాక్సులు తీయమన్నాడు. మెట్టెలు చూసి ఆగాడు.

"ఇవి ఎప్పుడూ ఉంటాయా?"

"పెళ్లయిన దగ్గర్నుంచి."

"స్కీ చేసేటప్పుడు కూడానా?"

అవునన్నాను. స్కీ బూటు పైడొప్ప గట్టి ప్లాస్టిక్, అది ఒక్క పిసరు కూడా జరగదు. మెట్టె జరగదు. మధ్యలో నలిగేది పక్క వేలేనట. పైగా చలికి లోహం ముందే చల్లబడుతుంది. అత్తయ్యగారికి ఫోన్‌లో చెబితే నేను అనుకున్నంత గొడవేం కాలేదు. "మంచులోకి వెళ్లే రోజు తీసి, ఇంటికి రాగానే పెట్టేసుకో. అయినా ఆ మంచులో నీకేం పని?" అన్నారు. రెండో ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి పాదాలు కొలిచాడు. బరువు పడగానే పాదం కొంచెం సాగుతుంది కాబట్టి రెండూ చూడాలట. ఎడమది 23.4, కుడిది 23.1 సెంటీమీటర్లు వచ్చింది. స్కీ బూట్ల సైజును మోండో అంటారు. అది మరేదో కాదు, పాదం పొడవు సెంటీమీటర్లలో. అంటే నాకు కావాల్సింది 23.5. అద్దె షాపు వాళ్లు అంటగట్టింది దానికంటే రెండు సెంటీమీటర్లు పెద్దది!

నొప్పి ఎందుకు పెరిగిందో అప్పుడు వివరించాడు. బూటు వదులైతే మడమ లేస్తుంది, పాదం ముందుకు జారి వేళ్లు గోడకి కొట్టుకుంటాయి. ఆ జారుడు ఆపడానికి బకిల్స్ ఇంకో పన్ను బిగిస్తాం. పాదం పైన కండ పెద్దగా ఉండదు, చర్మం కిందే నరాలు, రక్తనాళాలు. అక్కడ నొక్కుకుపోయి మొద్దుబారుతుంది, రక్తం సరిగ్గా ఆడక వేళ్లు చల్లబడతాయి. ఇంకోపక్క పట్టు కోసం వేళ్లు మనకి తెలియకుండానే లోపలికి ముడుచుకుంటాయి, అందుకే అరికాలు పట్టేస్తుంది. నేను ఇన్నాళ్లూ బూటు బిగుతుగా ఉందనుకున్నాను, అసలు బాధ అది వదులుగా ఉండటం వల్ల.

తర్వాత చీలమండ ఎంత వంగుతుందో చూడాలి, మడమ ఎత్తకుండా ఎంత కిందికి కూర్చోగలవో కూర్చో అన్నాడు. గొంతుక్కూర్చున్నాను, పూర్తిగా. ఆయన నవ్వేశాడు. ఇక్కడ చాలామందికి సగంలోనే మడమ లేచిపోతుందట, వాళ్లకి బూటులో మడమ కింద చిన్న ఎత్తు పెట్టాల్సి వస్తుందట. ఖమ్మంలో వాకిట్లో కూర్చుని గిన్నెలు తోమిన అనుభవం కొలరాడోలో పనికొస్తుందని ఎవరనుకుంటారు!

చిక్కంతా వెడల్పుతో వచ్చింది. బూటు వెడల్పుని లాస్ట్ అంటారు. 98 మిల్లీమీటర్లంటే సన్నం, 100 మధ్యస్థం, 102 పైన వెడల్పు. ఈ అంకె మామూలుగా 26.5 సైజు బూటుకి చెప్పేది. చిన్న సైజులకి వచ్చేసరికి అసలు వెడల్పు ఇంకా తగ్గుతుంది. నా పాదం ముందువైపు విశాలం, మడమ సన్నం. వెడల్పు బూటు తీసుకుంటే వేళ్లకి సుఖం, మడమ మాత్రం లోపల తేలుతుంది. ఆయన లెక్క వేరు: మడమకి, పాదం పైభాగానికి సరిపోయే బూటు ఎంచుకుని, ముందువైపు తర్వాత సాగదీయాలి. ప్లాస్టిక్‌ని పెంచగలం, తగ్గించలేం. ఇన్ని విన్నాను గానీ నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే.

వేసి చూడటంలో కూడా ఒక పద్ధతి ఉంది. ముందు లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగేసి, ఖాళీ డొప్పలో పాదం పెట్టి, వేళ్లు ముందు గోడకి ఆనించి, మడమ వెనక ఎంత సందుందో చూస్తారు. 15 నుంచి 20 మిల్లీమీటర్లుంటే నాలాంటివాళ్లకి సరి. ఆ తర్వాతే లైనర్ పెట్టి తొడిగిస్తారు. నిటారుగా నిలబడితే వేళ్ల చివర్లు ముందు తగలాలి, మోకాళ్లు ముందుకి వంచితే కాస్త వెనక్కి రావాలి. ఒక జత వేసుకోగానే "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అన్నాను. వెంటనే తీసేయమన్నాడు. లైనర్‌లోని ఫోమ్ వాడేకొద్దీ అణిగిపోతుంది, షాపులో హాయిగా ఉన్నది సీజన్ సగంలోనే వదులైపోతుందట. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీలా అన్నివైపులా సమానంగా పట్టి ఉంటే ఫర్వాలేదు. ఒకే చోట పొడుస్తుంటేనే నొప్పి కింద లెక్క.

చివరికి 100 లాస్ట్, 80 ఫ్లెక్స్ ఉన్న ఆడవాళ్ల బూటు నిలిచింది. ఆడవాళ్ల బూట్లకి పైన పట్టే భాగం కాస్త పొట్టిగా ఉంటుంది, మన పిక్క కిందికి దిగి ఉంటుంది కాబట్టి. ఫ్లెక్స్ అంటే ఎంత గట్టిగా ఉందన్న అంకె. ఒక కంపెనీ 80, ఇంకో కంపెనీ 80 ఒకటి కావు, కాబట్టి ఆ అంకె చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. అరికాలి వంపుకి ఆనే ఫుట్‌బెడ్ కూడా పోతపోయించుకున్నాను. అన్నీ కలిపి బిల్లు చూసి మావారు కాసేపు మాట్లాడలేదు.

చిటికెన వేలి మొదట్లో ఎముక ఉబ్బుగా ఉంటుంది, అక్కడే ఒత్తింది. మార్కర్‌తో చుక్క పెట్టి, డొప్పని వేడిచేసి, లోపల్నుంచి బయటికి నొక్కి, అలాగే చల్లారనిచ్చాడు. దాన్ని పంచ్ అంటారు. డిసెంబర్‌లో కొండకి వెళ్లొచ్చాక ఎడమ చీలమండ దగ్గర ఇంకాస్త పొడుస్తుంటే మళ్లీ తీసుకెళ్లాను, దానికి డబ్బు తీసుకోలేదు. మొదటిసారికే అంతా కుదరాలని కూర్చుంటే కుదరదు.

మిగతావి చిన్నవే కానీ చాలా తేడా తెస్తాయి. ఒక్క పల్చటి సాక్సే వేసుకోవాలి. చలి కదా అని రెండు తొడిగితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి పోకూడదు, ఆ మడతే ఎముక మీద గాటులా పడుతుంది. మడమ వెనక్కి తట్టి, ముందుకి వంగి, చీలమండ దగ్గరి బకిల్, దాని పై బకిల్ ముందు పెట్టాలి. వేళ్ల వైపువి ఊరికే తగిలిస్తే చాలు. బూట్లు రాత్రంతా కారు డిక్కీలో వదిలేస్తే పొద్దున ప్లాస్టిక్ బిగుసుకుపోయి కాలు దూరదు. మేం కొండకి ఐ-70 హైవే మీద వెళ్తున్నంతసేపూ ముందు సీటు కింద హీటర్ దగ్గర పెడతాం. అన్నిటికంటే ముఖ్యమైనది: బూటు మారితే స్కీ మీది బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు, మళ్లీ సెట్ చేయించాలి. బూటు అడుగు పొడవు మిల్లీమీటర్లలో మడమ దగ్గర రాసుంటుంది. దాంతోపాటు మన బరువు, ఎత్తు, వయసు చూసి టెక్నీషియన్ సెట్ చేస్తాడు. పడ్డప్పుడు స్కీ ఊడిరావడం, రాకపోవడం దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో కానిచ్చేద్దాం అన్న మావారిని నేనే ఆపాను.

మా అమ్మాయికి మాత్రం బూట్లు కొనలేదు. ఏడాది తిరిగేసరికి పాదం పెరిగిపోయే వయసు, అందుకని సీజన్ మొత్తానికి అద్దెకి తీసుకుంటున్నాం. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని ఒక సైజు పెద్దది ఇవ్వబోయారు. నేను లైనర్ బయటికి లాగి, దాని కాలు ఖాళీ డొప్పలో పెట్టించి మడమ వెనక వేళ్లు పెట్టి చూశాను. మూడు వేళ్లు దూరాయి. చిన్న సైజు తెమ్మన్నాను.